పది నెమర్ల దూరం

నల్లమల అడవిని ఏలే పెద్దపులికి ఒక్కగానొక్క చెల్లెలు. ఆమెను ఎక్కడో విశాఖపట్నం వెనకున్న కొండల్లోకి ఇచ్చారు. ఇచ్చిన నాటినుంచి పులిరాజుకు బెంగ. బెంగంటే మీకూ నాకూ ఉండే బెంగ కాదు. ఆయన ఒక్క నిట్టూర్పు విడిస్తే శ్రీశైలం ఘాట్ ఎక్కే లారీలు రెండు గజాలు వెనక్కి జారేవి. చెల్లెలి కబురు రాలేదని గర్జిస్తే అరవై మైళ్ళ అవతల కర్నూలులో రోకళ్ళు వాటంతటవే లేచి దంచేవి, గేదెల పొదుగుల్లో పాలు పొదుగుల్లోనే తోడుకునేవి. అడవిలో జింకలకు తిన్న గడ్డి ఒంటబట్టక, ఒకదాని పక్కటెముకలు ఇంకొకటి లెక్కపెట్టుకుంటూ పొద్దుపుచ్చేవి.

ఇలా అయితే బతకలేమని జంతువులన్నీ కూడి, కబుర్లు మోయడానికి కర్నూలు కొండారెడ్డి బురుజు మీద కాపురముండే పావురాలను కుదిర్చాయి. ఆ బురుజు సందుల్లో పావురాలు ఎన్నంటే, అవన్నీ ఒక్కసారి రెక్కలు విదిలిస్తే ఊళ్ళోవాళ్ళు వానొచ్చిందని వడియాలు లోపల పెట్టుకునేవాళ్ళు. పావురం పోయి విశాఖలో లైట్‌హౌసు మీద వాలాలి. అక్కడ ఆడపులి చెప్పిన కబురు వినుకుని, మళ్ళీ కర్నూలు వచ్చి, హంద్రి ఒడ్డున కూర్చున్న నక్కకు అప్పజెప్పాలి. అక్కడినుంచి అడవికి చేర్చడం నక్క పని.

నక్క ఆ పని ఎందుకు నెత్తికెత్తుకున్నాడో ఎవరూ అడగలేదు. పావురం మాంసమంటే వాడికి ఎంత ప్రీతో అందరికీ తెలుసు. అయినా రెండు చెవులూ పట్టుకుని, ఇకమీదట పావురం నీడ కూడా తొక్కనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. రాజు కూడా ఆజ్ఞ వేశాడు: కొలువులో ఉన్నంతకాలం కబుర్ల పావురం మీద ఎవరి పన్నూ పడకూడదని.

కబురు ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే రాజు ఆ వేళదాకా పడుకుంటాడు, అడవి కూడా ఓ కునుకు తీస్తుంది అన్నాడు నక్క. కాబట్టి విశాఖ నుంచి కర్నూలు ఎంత దూరమో కొలవాలి. దానిమీద పెద్ద రచ్చే జరిగింది. తాబేలు తాను నడిచి కొలిచి వస్తానంది, వచ్చేసరికి వినేవాళ్ళు ఉంటారో లేదో పూచీ లేదని కూడా తనే చెప్పింది. కోతి చెట్టు మీంచి చెట్టుకు దూకి లెక్క తేలుస్తానంది. మధ్యలో చెట్టు లేని చోట ఎలాగంటే, అక్కడ దూరం లేనట్టే అనుకోవాలంది. కాకి ఆమడలంది, ఉడుత తోకలంది. అందరూ అరిచి అలిసిపోయాక నక్క మెల్లగా, దూరం తెలుసుకుని నాకుతామా, మనకు కావలసింది వేళ గదా అన్నాడు. పావురం అక్కడ లేచి ఇక్కడ వాలేదాకా ఎంతసేపు పడుతుందో కొలిస్తే చాలునన్నాడు.

వేళ కొలవడానికి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. పుల్లెద్దు. అందరూ పుల్లన్న అనేవాళ్ళు. కళ్ళకు గంతలు కట్టుకుని ముప్పయ్యేళ్ళు గానుగ చుట్టూ తిరిగినవాడు. ఆ తిరిగిన తిరుగుడు తిన్నగా నడిచి ఉంటే కాశీకి నూటపదహారు సార్లు పోయి వచ్చేవాడు. గానుగ మూతపడి గంతలు ఊడాయి గానీ, కళ్ళు మూసుకునే అలవాటు పోలేదు. పుల్లన్న కడుపునిండా మేసి, మోకాళ్ళు మడిచి కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆ మేసిందంతా పైకి తెచ్చుకుని నమిలి మళ్ళీ మింగితే అది ఒక నెమరు. ఏనాడూ రవ్వంత ఎక్కువ కాదు, రవ్వంత తక్కువ కాదు. పుల్లన్న నెమరు చూసుకుని సూర్యుడు తన నడక సరిచేసుకునేవాడంటే నమ్మాలి మరి.

కార్తీకమాసంలో ఓ రోజు కొలత పెట్టారు. సరిగ్గా పొద్దు పొడిచేవేళకు పావురం విశాఖలో లేవాలి, అదేవేళకు పుల్లన్న హంద్రి ఒడ్డున తూర్పుకు తిరిగి నెమరు మొదలుపెట్టాలి. ఎగిరింది గిరికన్న అనే మగపావురం. ఆకాశంలో గిరికీలు కొట్టడంలో వాడిని మించినవాడు లేడు. ఒకసారి కొట్టిన గిరికీకి మేఘానికే కళ్ళు తిరిగి ఉన్నచోటే నాలుగు చినుకులు రాల్చిందంటారు. పుల్లన్న పదో నెమరు మింగి పదకొండోది తోడుకోబోతుండగా గిరికన్న వచ్చి నక్క ముందు వాలాడు.

"పదేనా?" అన్నాడు నక్క, నోరు తెరిచి.

గిరికన్న రొమ్ము ఉబ్బించాడు. పది ఎక్కువ, కావాలంటే తొమ్మిదికి వస్తానన్నాడు. తన ముసలత్త కూడా పదికి వస్తుందన్నాడు. బురుజు మీది పావురాలన్నీ వంత పాడాయి. వద్దులే అల్లుడూ, పెద్దమనసు చేసుకుని పదే ఉంచుదాం అన్నాడు నక్క. దానితోపాటు రాజుచేత చిన్న తీర్మానం ఒకటి చేయించాడు. పది దాటిన ఒక్కో నెమరుకూ ఒక్కో రెక్క ఈక పీకేయాలని. ఎలాగూ ఆలస్యం కాదు గదా అని పావురాలు నవ్వుతూ తలలూపాయి. ఎవరి తలకాయ వాళ్ళే ఊపారు, ఎవరూ వంచి ఊపించలేదు.

మాఘం, ఫాల్గుణం గడిచాయి. ఒక్క ఈక రాలలేదు. రాజు వేళకు పడుకుని వేళకు లేస్తున్నాడు, జింకలు బలిసి పొదల్లో ఇరుక్కుపోతున్నాయి. నక్కమామ ఎంత న్యాయవంతుడో అని పావురాలు పిల్లలకు కథలుగా చెప్పుకున్నాయి. నక్క మాత్రం ఒడ్డున కూర్చుని పడమటి ఆకాశం కేసి చూస్తుండేవాడు.

ఆషాఢం వచ్చింది.

కర్నూలు ఆషాఢ గాలి ఎరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఎరగనివాళ్ళకు చెప్పినా నమ్మరు. మిద్దె మీద ఆరేసిన పంచె వినుకొండలో దొరుకుతుంది. గుండు చేయించుకున్నవాడికి కూడా జుట్టు చెదురుతుంది. ఆ గాలి పడమటినుంచి తూర్పుకు నెల పొడుగునా ఒకే పట్టున వీస్తుంది. పోయేటప్పుడు పావురం రెక్క ఆడించక్కర్లేదు, లైట్‌హౌసు దాటి సముద్రంలో పడకుండా ఆపుకుంటే చాలు. వచ్చేటప్పుడు మాత్రం నాలుగు రెక్కలు కొడితే మూడు రెక్కలంత వెనక్కి.

గిరికన్న మొదటిసారి పదిహేనో నెమరుకు వచ్చాడు. నక్క తానే ముందుకొచ్చి, బాధపడిపోతూ, పళ్ళతో అయిదు ఈకలు పీకాడు. పావురానికి రెక్కకు పదేసి, వెరసి ఇరవై పెద్ద ఈకలు. అవి ఉంటేనే ఎగరడం. అయిదు పోయినవాడు రెండోసారి పద్దెనిమిదికి వచ్చాడు. ఎనిమిది పోయాయి. మిగిలిన ఏడు ఈకలతో మూడోసారి ఎలా వచ్చాడో వాడికే తెలియదు, ఇరవై నాలుగో నెమరు దగ్గర ఇసుకలో బోర్లా పడ్డాడు. ఆ ఏడూ పీకేశాక నక్క వాడిని కాలితో ఇటూ అటూ కదిపి చూశాడు.

"ఎగరలేనివాడు కబుర్ల పావురం ఎలా అవుతాడు నాయనా? కొలువు అయిపోయింది" అన్నాడు.

తంగేడు పొద వెనక్కి లాక్కుపోయాడు. గిరికన్న సన్న ఈకలు గాలికి లేచి తూర్పుకు ఎగిరిపోయాయి. అవి మాత్రం పది నెమర్లకు ముందే విశాఖ చేరి ఉంటాయి.

బురుజు మీదినుంచి ఇదంతా చూసింది గిరికన్న పెళ్ళాం నీలక్క. గూట్లో కళ్ళు తెరవని పిల్లలు రెండు. ఏడవడానికి కూడా తీరిక లేదు, మొగుడి వంతు ఆమెకు పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మొదటిసారి పద్నాలుగు నెమర్లకు వచ్చి నాలుగు ఈకలిచ్చింది. రెండోసారి పదిహేడుకు వచ్చి ఏడిచ్చింది. మిగిలినవి తొమ్మిది. కుడిరెక్కకు మూడు, ఎడమరెక్కకు ఆరు. ఇంకోసారి పోతే పిల్లలకు తల్లి కూడా ఉండదు.

"మామా, ఎదురుగాలిలో వస్తున్నాం" అంది నక్కతో.

"తీర్మానంలో గాలి అన్న మాటే లేదు తల్లీ. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని మీ పెద్దలు చెప్పలేదూ? తొమ్మిదన్నది మీ ఆయన, పది చేసింది నేను. చచ్చినవాడి మాట తీసేస్తానంటావా?"

నీలక్క ఒక రాత్రంతా ఆలోచించింది. తెల్లారి పిల్లలను పక్కగూటివాళ్ళకు ఒప్పజెప్పి, పుల్లన్న దగ్గరకు పోయి, రాజు దగ్గరికి సాక్ష్యానికి రమ్మని అడిగింది. పుల్లన్న సరేనన్నాడు. అడిగితే ఆయన ఎవరికీ కాదనడు, అడగకపోతే ఎవరికీ అవుననడు. ఆయన వీపు మీద కూర్చుని నల్లమల పోయింది. దారంతా నక్క వెంట వచ్చాడు గానీ ఆమె వైపు కన్నెత్తి చూడలేదు. కొలువులో ఉన్న పావురం కదా.

పులిరాజు ముళ్ళపంది ముల్లుతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. చుట్టూ అడవంతా చేరింది. నీలక్క కాళ్ళమీద పడలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. తనకు న్యాయం చెప్పక్కర్లేదని, పుల్లన్నను ఒక్క సంగతి అడగనిస్తే చాలునని అంది. రాజు అడగమన్నాడు.

"పుల్లన్నా, నువ్వు పది నెమర్లు లెక్కపెట్టిన రోజు ఈగలు నీకు ఎక్కడ వాలాయి?"

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి.

పుల్లన్న తాపీగా గుర్తు చేసుకున్నాడు. "ఆ రోజు తూర్పుకు తిరిగి కూర్చున్నా. గాలి మూతికి కొడుతోంది. మూతి మీద ఒక్క ఈగ వాలలేదు. అన్నీ వెనక తోక చాటుకు చేరాయి."

"మరి నా మొగుడు ఇరవై నాలుగుకు వచ్చిన రోజు?"

"అప్పుడూ తూర్పుకే తిరిగి కూర్చున్నా. గాలి వెనకనుంచి తోస్తోంది. నా తోక నా కొమ్ములకే చుట్టుకుంది. ఈగలన్నీ మూతి మీదికొచ్చాయి, నెమరులో రెండు మింగాను కూడా."

అంటే కొలిచిన రోజు గాలి పావురాన్ని ఇంటికి నెట్టింది, ఈకలు పీకిన రోజు గాలి పావురాన్ని వెనక్కి నెట్టింది. అడవిలో ఆఖరికి కుందేలు పిల్లకు కూడా అర్థమైంది. గుసగుసలు లేచాయి. ఆ గుసగుసలకే రెండు చింతచెట్లు ఆకు రాల్చేశాయి. రాజు ముల్లు పారేసి, ఇదంతా తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని పుల్లన్నను గద్దించాడు.

"నెమర్లు లెక్కపెట్టమన్నారు. గాలి నాకు అప్పజెప్పలేదు" అన్నాడు పుల్లన్న.

ఇప్పుడు నక్క వాదిస్తాడని అందరూ అనుకున్నారు. వాడు ఒక్క మాట వాదించలేదు. లెంపలు వేసుకున్నాడు. ఎన్ని వేసుకున్నాడంటే ఆ చప్పుడుకు గిద్దలూరులో పిల్లలు బడి గంట కొట్టారని ఇంటికెళ్ళిపోయారు. తన బుద్ధి గడ్డి తిందన్నాడు, ఎదురుగాలి రోజుల్లో పది కాదు, ఇరవై అయిదు నెమర్లు ఇవ్వమని తానే రాజును వేడుకున్నాడు. కళ్ళనీళ్ళు వాగు కట్టి, కొంగలు వచ్చి అందులో చేపలు పట్టుకున్నాయి. రాజు మెత్తబడి సరేనన్నాడు. పది చెరిగిపోయి ఇరవై అయిదు ఖాయమైంది.

నీలక్క గెలిచింది. అంత చిన్న పిట్ట అంత పెద్ద అడవిలో అంత గట్టిగా గెలవడం నల్లమల పుట్టాక అదే మొదలు.

అప్పుడు నక్క కళ్ళు తుడుచుకుని ఇంకో మాట అన్నాడు.

"రాజా, అంకె మారిస్తే నా పాపం తీరదు. నావల్ల ఈ తల్లికి పదకొండు ఈకలు పోయాయి. అవి మళ్ళీ మొలిచేదాకా, కార్తీకం దాకా, ఈమెను కొలువునుంచి తప్పించి ఇంటిపట్టున ఉండనివ్వండి. పిల్లలను చూసుకుంటుంది."

ఎంత మంచి మాట. ఆడజింకలు ముక్కులు చీదుకున్నాయి. ఎలుగుబంటి మెచ్చుకోలుగా నక్క వీపు తట్టితే వాడు నాలుగు పల్టీలు కొట్టాడు. రాజు తక్షణం నీలక్కకు సెలవు ఇచ్చాడు. నీలక్కకు కూడా కళ్ళు చెమర్చాయి. పక్కగూటివాళ్ళకు వాళ్ళ పిల్లలే ఎక్కువ, తన పిల్లల కుత్తికల్లో గింజ పడి ఎంతసేపయిందో అన్న ధ్యాస తప్ప ఆమెకు ఇంకేమీ తోచలేదు. రాజుకు దండం పెట్టింది, నక్కకూ పెట్టింది.

మళ్ళీ పుల్లన్న వీపెక్కి బయల్దేరింది. అడవి దాటాక అంతా నల్లరేగడి. కనుచూపుమేరలో చెట్టన్నది లేదు, శనగచేలు కోసేసిన బీళ్ళు. కుడికి మూడు, ఎడమకు ఆరు ఈకలతో ఆ ఎదురుగాలిలో ఆమె తిన్నగా ఎగరలేదు, మహా అయితే ఎద్దు వీపెత్తు గెంతగలదు. నాలుగు నెమర్ల దారి గడిచాక పక్కనే అడుగుల చప్పుడు వినబడింది.

"కులాసానా నీలక్కా?" అన్నాడు నక్క.

"పిల్లలు చూస్తుంటారు మామా, తొందరగా పోవాలి."

"తొందరేముందమ్మా. సెలవులో ఉన్నావు కదా. కొలువులో ఉంటే కదా వేళా పాళా."

ఈసారి నక్క ఆమె వైపే చూస్తున్నాడు. రెప్ప వేయకుండా చూస్తున్నాడు. కొలువులో లేదు అన్న మాట నీలక్క గుండెలో రాయిలా పడింది. పది తప్పని నిరూపించింది, ఇరవై అయిదు పెట్టించింది, కానీ తనమీద పన్ను పడకుండా కాచిన ఒకే ఒక్క మాటను దండం పెట్టి మరీ పోగొట్టుకుంది. మెల్లగా జరుగుతూ పోయి పుల్లన్న కొమ్ముల మధ్య కూర్చుంది.

"పుల్లన్నా, ఊరు చేరేదాకా ఆగొద్దు" అంది చెవిలో.

"నెమరు వేళకు నెమరు వేయాలమ్మా. తప్పితే నాకు కడుపుబ్బరం."

"అయితే కళ్ళు తెరుచుకుని వెయ్యి. నా పిల్లల మీద ఒట్టు, ఈ ఒక్కసారికి తెరుచుకుని వెయ్యి."

"కళ్ళు తెరిస్తే లెక్క తప్పుతుంది" అన్నాడు పుల్లన్న. మోకాళ్ళు మడిచి, చేను మధ్యలో కూర్చున్నాడు.

పొద్దు వాలకముందే పుల్లన్న హంద్రి ఒడ్డు చేరాడు. ఇరవై అయిదు నెమర్ల కబురు అప్పటికే నోటినోటా కర్నూలు చేరింది. పావురాలన్నీ గుంపులు గుంపులుగా బురుజు దిగి ఎదురొచ్చాయి. వాటి రెక్కల చప్పుడుకు హంద్రిలో నీళ్ళు రెండుగా చీలి దారిచ్చాయి. పుల్లన్న వీపు మీద ఎవరూ లేరు. నీలక్క ఏదని అడిగాయి.

పుల్లన్న చెప్పాడు: "అడవినుంచి ఇక్కడికి మొత్తం పదకొండు నెమర్లు. ఆరో నెమరు దగ్గర వీపు తేలికైంది. తక్కిన అయిదూ సరిగ్గానే లెక్కపెట్టాను."

పిల్లలను పక్కగూటివాళ్ళే తలా ఇంత పెట్టి పెంచారు. కార్తీకం నాటికి వాటికి రెక్కలొచ్చాయి, ఆ మరుసటి ఆషాఢానికి కొలువులో చేరాయి. ఎంత ఎదురుగాలిలోనైనా ఇరవై అయిదు నెమర్ల లోపే వస్తాయి. వచ్చినప్పుడల్లా నక్క వాటి వీపు నిమిరి, ఇంత పుణ్యం కట్టుకున్న తల్లికి పుట్టారర్రా అని మురిసిపోతాడు. అవి మామా మామా అంటూ వాడి కాళ్ళ దగ్గరే గింజలేరుకుంటాయి.

కొలత సరిచేయించుకుంటే చాలదు, కొలిచేవాడి ఆకలి ఎంతో కూడా కొలుచుకోవాలి.